విడాకులు, మనోవర్తి కేసు వేసే ముందు జాగ్రత్తలు

☐ ఏ కోర్టులో వేయాలో ముందు తేల్చుకోండి. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, చివరిగా కలిసి కాపురమున్న చోట, ఎదుటివారు ఉంటున్న చోట వేయవచ్చు. భార్యకైతే తాను ఉంటున్న ఊరి కోర్టు చాలు. కావలిలో పుట్టింట్లో ఉంటున్న అమ్మాయి భర్త ఉద్యోగం చేసే ఊరికి పరుగెత్తనక్కర్లేదు. 2022లో కందుకూరును ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మార్చారు కదా, అలా జిల్లా మారితే కోర్టు పరిధీ మారుతుందని అనుకోకండి. కోర్టు ఆఫీసులోనే అడగండి.

☐ పెళ్లయి ఏడాది నిండకపోతే, ప్రత్యేక అనుమతి లేనిదే విడాకుల అర్జీ నడవదు.

☐ శుభలేఖ, తాళి కడుతున్న ఫొటో, పిల్లల జనన ధ్రువపత్రాలు భద్రం. కోపంలో మొదట చింపేది శుభలేఖనే. ముహూర్తం, కల్యాణమండపం పేరు ఉండేది దానిమీదే. వాట్సాప్ సందేశాలు తుడిచేయవద్దు. ఉత్త ప్రింటు సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

☐ మనోవర్తి అడిగితే ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. జీతం దాచడం తెలివనుకునేవారు బ్యాంకు స్టేట్‌మెంట్ సంగతి మరిచిపోతారు.

☐ మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. నెల్లూరు, ఒంగోలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

☐ ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం వద్దు, అడిగింది ఊరి పెద్దమనిషైనా సరే.