గోదావరి పాయలో లంగరు వేసిన పడవపై నివాసం

తెరచాప పడవపై కాపురం గురించి మనకు దొరికే సలహాలలో చాలా భాగం కరీబియన్ రేవులలో ఉండేవారు చెప్పినవే. అక్కడ తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు సాధారణంగా దిశ మార్చవు, సముద్రపు పోటు చాలా చోట్ల అర మీటరు కూడా ఉండదు. అందువల్ల లంగరు పట్టిన పడవ దాదాపు ఒకే వైపు ముఖం పెట్టి నిలుస్తుంది. యానాం దగ్గర గౌతమిలోనో, అంతర్వేది దగ్గర వశిష్ఠలోనో అలా కుదరదు. ఇక్కడ రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం) వస్తాయి, నీటి వాలు తిరిగినప్పుడల్లా పడవ కూడా తిరుగుతుంది. వంట, స్నానం, ఒడ్డుకు వెళ్లడం, నిద్ర అన్నీ ఆ తిరుగుడుకు లోబడే ఉండాలి.

ముందుగా లంగరు సంగతి చూడాలి. డెల్టా పాయల అడుగు ఎక్కువగా మెత్తని ఒండ్రు కనుక వెడల్పాటి రెక్కలున్న లంగరు ఇక్కడ బాగా దిగబడుతుంది. తాడు పొడవును పాటు నీటి లోతును బట్టి కాక పోటు నీటి లోతును బట్టి లెక్కించాలి. పాటులో లోతు 3 మీటర్లు, పోటు మరొక మీటరు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు ఇంకొక మీటరు అనుకుంటే మొత్తం 5 మీటర్లు అవుతుంది, దానికి ఆరు రెట్లు, అంటే 30 మీటర్ల తాడు వదలాలి. అంత తాడుతో పడవ చుట్టూ తిరగడానికి ఇరుకు పాయలో చోటు చాలదు. అటువంటి చోట బహామా దీవుల నావికుల పద్ధతి మనకు చక్కగా సరిపోతుంది: ఒక లంగరు ఎగువకు, మరొకటి దిగువకు వేసి, రెండు తాళ్లనూ పడవ ముక్కుకే కట్టాలి. అప్పుడు పోటులో ఒకటి, పాటులో మరొకటి బరువు మోస్తాయి, పడవ దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. అయితే తిరిగిన కొద్దీ తాళ్లు మెలిపడతాయి గనుక, నీరు నిలకడగా ఉన్న సమయంలో రోజూ మెలిక విప్పవలసిందే. పాటుకు కొట్టుకువచ్చే గుర్రపుడెక్క తాడుకు చుట్టుకొని లంగరును లాగేయగలదు. దానిని గెడతో ఎప్పటికప్పుడు తోసివేయాలి.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది. అందుచేత తిథులున్న క్యాలెండరు పడవలో తప్పక ఉండాలి. ఒడ్డుకు వెళ్లే పని పోటు మీదే పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే పాటులో దోనెకూ గట్టుకూ మధ్య మోకాలి లోతు బురద బయటపడుతుంది, బియ్యం మూటతో దానిని దాటడం ప్రమాదకరం.

మంచినీరు ఒడ్డు నుంచే తెచ్చుకోవాలి. వేసవిలో నదిలో నీరు తగ్గి, ఉప్పునీరు పాయల వెంట లోపలికి వస్తుంది. వరద కాలంలో నీరు తియ్యగానే ఉన్నా ఎర్రని ఒండ్రుతో నిండి ఉంటుంది. తప్పనిసరైతే దానిని పటికతో తేర్చి, వడకట్టి, బాగా మరిగించాలి. గిన్నెలు నది నీటితోనే తోమి, చివర ఒక్కసారి మంచినీటితో కడిగితే చాలు. వంటగ్యాసు గాలికంటే బరువైనది కనుక కారితే పడవ అడుగున చేరి నిలిచిపోతుంది. వంట ముగియగానే సిలిండరు దగ్గరే గ్యాసు ఆపివేయాలి. అడుగున ఊరే నీటిని ఉదయమే తోడాలి.

రాత్రి అన్ని వైపులకూ కనిపించే తెల్లని దీపం ఒకటి ఎత్తున వెలగాలి, ఎందుకంటే వేకువన వేటకు వెళ్లే పడవలు ఆ పాయలోనే నడుస్తాయి.

వరద కాలంలో ప్రధాన పాయలో ఉండకపోవడమే మేలని నా అభిప్రాయం. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అంతవరకు ఆగకుండా ముందే పక్క కాలువలోకి మారాలి. తుఫాను విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. 1839లో కోరంగిని, 1996 నవంబరులో కోనసీమను దెబ్బతీసిన తుఫానులు ఈ తీరంలోనే వచ్చాయి. కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగరగానే తెరచాపలు విప్పి లోపల పెట్టి, ఉన్న లంగర్లన్నీ వేసి, నీటి మట్టం ఎంత పెరిగినా సరిపోయేలా తాడు వదిలి, మనుషులందరూ ఒడ్డున ఉన్న తుఫాను రక్షణ భవనానికి వెళ్లిపోవాలి, పడవను కాపాడడానికి ఒక్కరు కూడా అందులో ఉండకూడదు.