ఏళ్ల తరబడి వాడిన ఎస్సిటలోప్రామ్‌ను తగ్గించుకునే పద్ధతి

ఆందోళనకు ఎస్సిటలోప్రామ్ ఏళ్లుగా వేసుకుంటున్నవారు, మనసు కుదుటపడింది కదా అని ఉన్నట్టుండి మానేస్తే, రెండు మూడు రోజుల్లోనే కళ్లు తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్లు జివ్వుమనడం, నిద్ర పట్టకపోవడం మొదలుకావచ్చు. అది మీ బలహీనత కాదు, మందుకు అలవాటుపడిన మెదడు తిరిగి సర్దుకోలేకపోవడం.

ఈ మందు, నాడీకణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే రసాయనమైన సెరటోనిన్‌ను కొత్తగా తయారుచేయదు. నాడీకణాల మధ్య సందులోకి విడుదలైన సెరటోనిన్‌ను వెనక్కి లాక్కునే రవాణా ప్రోటీన్‌కు అడ్డుపడుతుంది. అడ్డు కొన్ని గంటల్లోనే పడినా గుణం కనిపించడానికి వారాలు పడుతుంది; విడుదలను అదుపుచేసే గ్రాహకాలు (నాడీకణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు) ఈలోగా మెల్లగా మొద్దుబారడమే అందుకు కారణమని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అలా నెమ్మదిగా ఏర్పడిన సర్దుబాటు వెనక్కి మళ్లడానికీ వ్యవధి కావాలి. మందు మాత్రం సుమారు 30 గంటలకే రక్తంలో సగమవుతుంది.

ముందుగా స్ట్రిప్ వెనుక ఉన్న అక్షరాలు చదవండి. ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. పక్కనే క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. అని ఉంటే, మీరు ఒకే మాత్రలో రెండు మందులు వేసుకుంటున్నట్లు. క్లోనజెపామ్ పనిచేసేది సెరటోనిన్ మీద కాదు, మెదడును నెమ్మదింపజేసే గాబా అనే మరో రసాయనం మీద. దాన్ని హఠాత్తుగా ఆపితే మూర్ఛ వచ్చే ప్రమాదం కూడా ఉంది కనుక, రెండింటినీ ఎలా విడదీసి తగ్గించాలో డాక్టరే నిర్ణయించాలి.

ఎక్కువమంది పొరపడేది చివరి మెట్టు దగ్గరే. మామూలు మోతాదులోనే రవాణా ప్రోటీన్‌లో సుమారు 80 శాతం మూతపడుతుంది కాబట్టి, 20 నుంచి 10 మి.గ్రా.కు దిగినప్పుడు మెదడులో వచ్చే మార్పు చిన్నది, 5 నుంచి సున్నాకు దిగినప్పుడు వచ్చేది చాలా పెద్దది. 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో పరిశోధకులు మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ వాదించింది కూడా ఇదే: మోతాదు చిన్నదయ్యేకొద్దీ తగ్గింపు మరింత చిన్నది కావాలి. అందుకు ద్రవరూపంలో మందు దొరుకుతుందేమో అడగండి. రోజు విడిచి రోజు వేసుకోవడం మంచిది కాదు, రక్తంలో మందు స్థాయి పడిలేస్తుంది.

తగ్గించిన ప్రతిసారీ తేదీ, మోతాదు, లక్షణాలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రోజుల వ్యవధిలో వచ్చే కళ్లు తిరగడం, షాకులు మందు తగ్గడం వల్ల కావచ్చు. వారాలో నెలలో గడిచాక పాత భయాలు మెల్లగా కమ్ముకుంటే ఆందోళనే తిరగబెట్టి ఉండవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి; తెలుగులోనే మాట్లాడవచ్చు.