అమ్మకు పంపే సంక్రాంతి కార్డు ఇలా చేస్తాను

మా అమ్మ అమలాపురం దగ్గర పల్లెలో ఉంటుంది, నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. అమ్మకు వినికిడి బాగా తగ్గింది. ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ" అంటుంది గానీ, నా మాటల్లో సగం ఆమెకు అందడం లేదని తెలుస్తూనే ఉంటుంది. కళ్లు మాత్రం ఆపరేషన్ అయ్యాక చక్కగా కనిపిస్తున్నాయి. అందుకే ఆరేళ్ల క్రితం సంక్రాంతికి నా చేత్తో ఒక గ్రీటింగ్ కార్డు చేసి పంపాను. దాని నిండా కుందన్లు, శాటిన్ రిబ్బను, మెరుపుల పొడి. లోపల మాత్రం "సంక్రాంతి శుభాకాంక్షలు" అని రెండే మాటలు. అది అందాక అమ్మ మా తమ్ముడితో అందట: "పువ్వులు బాగానే ఉన్నాయి గానీ, మీ అక్క ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదేంట్రా?"

ఆ రోజంతా ఆ మాటే మనసులో మెదిలింది. అప్పటినుంచి ముందు లోపలి మాటలు రాసుకుంటాను, ఆ తర్వాతే కత్తెర పడతాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. రఫ్ కాగితం మీద నాలుగైదు వాక్యాలు చాలు. వాటిలో ఒక్కటైనా మీ ఇద్దరికీ మాత్రమే అర్థమయ్యే సంగతి ఉండాలి. "నువ్వు ఇచ్చిన కనకాంబరం నారు బతికింది, ఈ వారం మూడు పూలు పూసింది" అని ఒకసారి రాశాను. ఆ కార్డు ఇప్పటికీ అమ్మ దేవుడి గూట్లోనే ఉంది.

ఇక కాగితం. మొదటిసారే ఖరీదైన కిట్లు కొనకండి. మనందరి ఇళ్లల్లో పాత శుభలేఖలు ఉంటాయి. మందంగా, మెరుపుతో, మెరూన్, ఆకుపచ్చ, గంధం రంగుల్లో అంత మంచి కాగితం విడిగా కొనాలంటే చాలా ఖర్చవుతుంది. నేను రెండు బీరువా అరల నిండా దాచాను. పేర్లు, ముహూర్తం అచ్చయిన వైపు లోపలికి పోయేలా, సాదా వైపు పైకి వచ్చేలా వాడుకోవచ్చు. వినాయకుడి బొమ్మో, వేంకటేశ్వరస్వామి బొమ్మో ఉంటే దాని మీదుగా కత్తెర పోనివ్వను, ఆ భాగం మొత్తంగా తీసి పక్కన పెడతాను. నాలుగు మూలల్లో పెట్టిన పసుపు మరక ఎంత తుడిచినా పోదు. మొదట్లో ఆ మూలలు కత్తిరించేదాన్ని. ఇప్పుడు వదిలేస్తున్నాను, పండక్కి పసుపు ఉంటే మంచిదే కదా. ఇంట్లో శుభలేఖలు లేకపోతే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఛత్తా బజార్ వెళ్లి శుభలేఖల దుకాణాల్లో మిగిలిన శాంపిళ్లు, ముక్క కాగితాలు అడిగి చూడండి.

కార్డు అడుగుకు మాత్రం కొత్త షీటు తీసుకోండి. స్టేషనరీ షాపులో 250 జీఎస్ఎం ఏ4 కార్డ్ షీటు అని అడగండి. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఏ4 షీట్లు 16 కలిపితే ఒక చదరపు మీటరు. కాబట్టి ఒక షీటు పదిహేనున్నర గ్రాముల పైచిలుకు. ఈ లెక్క ఎందుకంటే, 20 గ్రాముల లోపు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు సరిపోతుంది. ఏ4 షీటునే మధ్యకు మడిచి పెద్ద కార్డు చేస్తే, కవరుతో కలిపి 20 దాటిపోతుంది. అదే షీటును సగానికి కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే రెండు కార్డులు వస్తాయి. ఒక్కోటి 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 ఎత్తు, బరువు 8 గ్రాముల లోపే. మొదటి కార్డుకు ఇదే సరైన కొలత.

కోయడానికి స్టీలు స్కేలు, పేపర్ కట్టర్, కింద పెట్టుకోవడానికి పాత కేలండర్ అట్ట కావాలి. ప్లాస్టిక్ స్కేలు వాడితే కట్టర్ దాని అంచునే చెక్కేస్తుంది. ఒకే దెబ్బకి తెగాలని గట్టిగా నొక్కకండి. మెల్లగా మూడుసార్లు గీస్తే అంచు నున్నగా వస్తుంది.

కొత్తవాళ్ల కార్డు ముచ్చటగా కనపడకపోవడానికి ఎక్కువగా మడతే కారణం. మందపాటి కాగితాన్ని ఊరికే మడిస్తే ఆ గీత పగిలి తెల్లటి నార బయటపడుతుంది. దీనికి రెండు జాగ్రత్తలు. కాగితంలో నార ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటుంది. షీటును అటూ ఇటూ కొద్దిగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగుతుందో ఆ వైపే మడత పెట్టాలి. రెండోది, మడిచే చోట ముందుగా గాడి గీయాలి. సిరా అయిపోయిన బాల్ పెన్ను ఇందుకు చాలా బాగుంటుంది. కింద నాలుగు న్యూస్‌పేపర్లు వేసి, స్కేలు ఆనించి రెండుసార్లు గట్టిగా గీయండి. గాడి ఉన్న వైపు కార్డుకు బయటికి రావాలి, వెనక ఉబ్బెత్తుగా లేచిన వైపు లోపలికి పోవాలి. చాలామంది దీన్ని తిరగేసి మడుస్తారు. చివరగా చెంచా వీపుతో మడత మీద ఒకసారి రుద్దండి.

ముఖచిత్రానికి నేను ముగ్గు వేస్తాను. బొమ్మలు వేయడం రానివాళ్లకి కూడా చుక్కల ముగ్గు వస్తుంది, పైగా కార్డు చదునుగా ఉంటుంది. నా మొదటి కార్డుకి అతికించిన కుందన్లు దారిలోనే కవరును చింపేశాయి, సగం రాలిపోయాయి. అందుకే పోస్టులో పంపే కార్డు మీద ఎత్తుగా ఉండేవేవీ పెట్టను.

5 చుక్కలు, సందు చుక్క 3 వరకు పెట్టే ముగ్గు తీసుకుందాం. ముందు కేలండర్ అట్ట మీద అచ్చు తయారుచేయండి. మధ్య వరుసలో ఒకటిన్నర సెంటీమీటరు ఎడంతో 5 చుక్కలు. దానికి 1.3 సెంటీమీటర్ల పైన, సందుల్లో పడేలా 4, ఇంకో 1.3 పైన 3. కింద కూడా అంతే. మొత్తం 19 చుక్కలు. ప్రతి చుక్క దగ్గరా దబ్బనంతో చిల్లు పెట్టండి. ఈ అట్టను శుభలేఖ ముక్క మీద పెట్టి పెన్సిల్ మొన దూరిస్తే చుక్కలన్నీ సరిగ్గా పడతాయి. నా అట్ట నాలుగేళ్లుగా పనిచేస్తోంది.

నడిమి చుక్క నుంచి చుట్టూ ఉన్న ఆరు చుక్కలకు ఆరు రేకులు గీస్తే పువ్వు వస్తుంది. బయట మిగిలిన 12 చుక్కలను అలలాంటి గీతతో కలపండి. మెరూన్ కాగితం మీద తెల్ల జెల్ పెన్నుతో వేస్తే అచ్చం పేడ అలికిన వాకిట్లో ముగ్గులాగే ఉంటుంది. మెరుపు కాగితం మీద జెల్ సిరా త్వరగా ఆరదు. ముందు ఒక మూల గీసి చూసుకోండి, వేశాక పావుగంట దాకా చెయ్యి తగలనివ్వకండి.

చెయ్యి కుదిరాక ఇదే అచ్చుతో దారం ముగ్గు కూడా వేయవచ్చు. కార్డు ముక్క కింద పాత హవాయి చెప్పు పెట్టి సూదితో చిల్లులు పొడవండి. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, రెండు చాలు. బయటి ఆరు మూలలను ఒకటి విడిచి ఒకటి కలిపితే రెండు త్రికోణాలై నక్షత్రం ఏర్పడుతుంది. ప్రతి గీత మధ్యలో ఒక లోపలి చుక్క వస్తుంది, అక్కడ కూడా సూది దించి తీస్తే దారం వదులవదు. వెనక ముడి వేయకుండా సెల్లో టేపుతో అంటించండి. ముడి వేస్తే ముందు వైపు ఉబ్బు తెలుస్తుంది.

ముగ్గు ముక్కను కార్డుకి అంటించడానికి గ్లూ స్టిక్ గానీ, రెండు వైపులా అంటుకునే టేపు గానీ వాడండి. తెల్ల గమ్‌లో తడి ఎక్కువ, పల్చటి కాగితం వెంటనే ముడతలు పడుతుంది.

రాత కార్డు మీద నేరుగా వద్దు. మామూలు తెల్ల కాగితం సగం తీసుకుని, చుట్టూ అర సెంటీమీటరు తగ్గించి కోసి, మధ్యకు మడిచి దాని మీద రాయండి. తప్పు పోతే ఆ కాగితం ఒక్కటి మారిస్తే చాలు, కార్డు పాడవదు. అది నాకు ఎంత టెన్షన్ తగ్గించిందో చెప్పలేను. తెలుగులో గుడులు పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసకీ వరుసకీ మధ్య 1.2 సెంటీమీటర్లు వదిలి పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసుకోండి. పెద్దవాళ్లకు రాసేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. మా అమ్మ కోసం నల్ల సిరాతో, పెద్ద అక్షరాలతోనే రాస్తాను. శీర్షిక మధ్యకు రావాలంటే నడిమి అక్షరం నుంచి మొదలుపెట్టండి. "శుభాకాంక్షలు"లో ఐదు అక్షరాలు, "కాం" నడుమ వస్తుంది. ఒక్కోదానికి ఒకటిన్నర సెంటీమీటరు ఇస్తే ఏడున్నరలో ముగుస్తుంది. సిరా ఆరాక పెన్సిల్ గీతలు చెరిపేసి, మడత పక్కన సన్నగా గ్లూ స్టిక్ రాసి కార్డు లోపల అంటించండి. రాత్రంతా లావుపాటి పుస్తకం కింద ఉంచండి.

కవరు కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏ4 కాగితం నుంచి 21 సెంటీమీటర్ల చదరం కోసి, మూల పైకి వచ్చేలా తిప్పి పెట్టి, నడుమ కార్డును అడ్డంగా ఉంచండి. పక్క మూలలు రెండూ లోపలికి, తర్వాత కింది మూల పైకి మడిచి అంటించండి. పై మూల మూత అవుతుంది. కార్డుకి చుట్టూ రెండు మిల్లీమీటర్ల వదులు ఉండేలా మడవండి, లేకపోతే తీసేటప్పుడు మూలలు నలుగుతాయి. పిన్ కోడ్ స్పష్టంగా రాయండి. సంక్రాంతి జనవరి 14నో 15నో వస్తుంది కాబట్టి, నేను 3వ తేదీకల్లా డబ్బాలో వేసేస్తాను.

కవరు అంటించేముందు లోపలి రాతను ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఏం రాశామో ఏడాది తిరిగేసరికి మరిచిపోతాం. కనకాంబరం సంగతి నేను రెండో ఏడు కూడా రాయబోయి, పాత ఫోటో చూసి ఆగాను. ఆ ఏడు దాని బదులు, ఆ మొక్క విత్తనాలు ఎదురింటివాళ్లకు ఇచ్చిన సంగతి రాశాను.