మార్బుల్ క్వీన్ మనీ ప్లాంట్ తెలుపు పోయి పూర్తిగా ఆకుపచ్చగా మారితే ఏం చేయాలి? కత్తిరింపు ఎక్కడ పడాలి?

మొన్న మా పిన్ని వీడియో కాల్ చేసింది. "నువ్విచ్చిన మనీ ప్లాంట్ ఎంత బాగా పాకిందో చూడవే" అని ఫోన్ కిటికీ వైపు తిప్పింది. కిటికీ నిండా ఆకులే, అన్నీ ముదురు పచ్చ. నేనిచ్చింది మార్బుల్ క్వీన్. అప్పట్లో ఒక్కో ఆకు మీద పాలు చిలకరించినట్టు ఉండేది. "ఇది నేనిచ్చింది కాదు పిన్నీ" అన్నాను. "అదే కుండీ!" అంది. కుండీ మాత్రం నిజంగా అదే.

ఇలా పచ్చబడిన మొక్కకు పాలనీళ్లు పొయ్యమని ఒకరంటారు, ఎప్సమ్ సాల్ట్ వెయ్యమని ఇంకొకరంటారు. ఏం పోసినా పూర్తిగా పచ్చబడిన తీగకు తెలుపు తిరిగి రాదు. తెలుపు ఇంకా మిగిలి ఉన్న చోటికి మనమే వెనక్కి వెళ్లి, అక్కడ కత్తిరించాలి. ఆ చోటు కనుక్కోవడమే అసలు పని. మిగతాదంతా ఎవరైనా చేస్తారు.

ఇలా ఎందుకవుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు కాబట్టి అది తన తిండి తాను తయారు చేసుకోలేదు, పక్కనున్న పచ్చ భాగం మీద బతుకుతుంది. ఎప్పుడైనా ఒక కొమ్మ పూర్తిగా పచ్చ కణాలతోనే మొదలైందంటే, సంపాదించేవాడు వేరు కాపురం పెట్టినట్టే. దానికి పోషించాల్సిన వాళ్లు లేరు, అందుకే దూసుకుపోతుంది. కొన్నాళ్లకు కుండీ దానిదే అవుతుంది.

ముందు జబ్బేంటో తేల్చుకోండి

మొక్కంతా సమానంగా పచ్చబడి, ఆకుల్లో అక్కడక్కడా సన్నటి తెల్ల చుక్కలు మిగిలి ఉంటే వెలుతురు చాలట్లేదని అర్థం. కుండీని కిటికీ దగ్గరికి జరపండి. పాత ఆకులు మారవు, కొత్త ఆకుల్లో తేడా కనిపిస్తుంది. అలా కాకుండా ఒకటి రెండు తీగలు మాత్రమే చుక్క తెలుపు లేకుండా పచ్చగా, మిగతావాటికంటే లావుగా, వేగంగా పెరుగుతుంటే జరపడం వల్ల లాభం లేదు. కత్తిరించాల్సిందే.

కత్తిరించే ముందు మట్టిని కాస్త కదిపి చూడండి. నర్సరీల్లో ఒక్కో కుండీలో నాలుగైదు ముక్కలు కలిపి నాటుతారు, గుబురుగా కనిపించడానికి. ఆ పచ్చ తీగ వేరే మొక్కే అయితే వేళ్లతో సహా పీకేయండి, గొడవ వదులుతుంది.

సామాన్లు, సమయం

కొత్త బ్లేడు, దాన్ని తుడవడానికి కాస్త స్పిరిట్, పాత న్యూస్‌పేపరు చాలు. కత్తెర వద్దు, అది తీగను నలుపుతుంది. మనీ ప్లాంట్ రసం కొందరికి దురద పెడుతుంది, పని అయ్యాక చేతులు కడుక్కోండి. కోసిన ముక్కలు కుక్కపిల్లకీ పసిపిల్లలకీ అందనివ్వకండి. జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో చెయ్యండి. డిసెంబరులో కోసి జనవరిలో "చిగురు రాలేదు" అని టెన్షన్ పడొద్దు.

ఎక్కడ కొయ్యాలి

ఇక్కడే అందరూ పాడుచేస్తారు. పచ్చ ఆకు కనపడగానే ఆ ఆకు తుంచేస్తారు. ఆకు తుంచితే ఏమొస్తుంది? దాని వెనక తీగ పచ్చగానే ఉంది, రేపొచ్చే ఆకూ అంతే. ఇంకొందరు కొనలో ఒక జానెడు కోసి చేతులు దులుపుకుంటారు. కోసిన చోటి నుంచి ఇంకో పచ్చ తీగ వస్తుంది, ఈసారి ఇంకా బలంగా.

ఆకును వదిలేసి తీగను చూడండి. కొన దగ్గర మొదలుపెట్టి మట్టి వైపు వేలితో తడుముకుంటూ రండి. ఒక చోట పచ్చటి తీగ మీద తెల్లటి గీత నిలువుగా కనిపిస్తుంది, ఎవరో సుద్దముక్కతో గీసినట్టు. గీత కనిపించగానే బ్లేడు పెట్టెయ్యకండి. కొత్త కొమ్మ వచ్చేది గీత నుంచి కాదు, మొగ్గ నుంచి.

ఆ మొగ్గ కణుపు దగ్గర, ఆకు కాడ తీగను కలిసే చంకలో ఉంటుంది. బియ్యపు గింజంత ఉంటుందేమో, ఒక్కోసారి కాడ మొదలు దాన్ని కప్పేసి ఉంటుంది. దానికి అవతలి వైపు గోధుమ రంగులో గట్టిగా ఒక బుడిపె తగులుతుంది. చాలామంది దాన్నే మొగ్గ అనుకుంటారు. అది వేరు మొలిచే బుడిపె. దాన్ని చూసి కొలతలు వేస్తే మొత్తం తలకిందులే.

ఇప్పుడు తెల్ల గీత ఆ మొగ్గ మీదుగా పోతోందో లేదో చూడండి. పోతుంటే అదృష్టమే, చాలాసార్లు రెండు రంగుల కొమ్మే వస్తుంది. గీత తీగకు అవతలి వైపు ఉండి, మొగ్గ పూర్తిగా పచ్చ భాగంలో ఉంటే ఆ కణుపు పనికిరాదు, ఆకు ఎంత అందంగా ఉన్నా సరే. ఇంకో కణుపు వెనక్కి వెళ్లండి. ఆకులు వరసగా చెరో పక్కకు వస్తాయి కాబట్టి ఒక పక్క కుదరకపోతే రెండో పక్క కుదరొచ్చు. మొగ్గ పూర్తిగా తెలుపులో ఉన్నా సంబరపడొద్దు. దాన్నుంచి మల్లెపువ్వులాంటి ఆకులు వస్తాయి, ఫొటోకు బాగుంటాయి, తర్వాత గోధుమ రంగుకు తిరిగి రాలిపోతాయి. సగం సగం ఉన్న మొగ్గే కావాలి. దానికోసం ఐదు కణుపులు వెనక్కి వెళ్లాల్సి వచ్చినా వెళ్లండి. మూరెడు తీగ పోతోందని జాలిపడితే ఆర్నెల్లకు మళ్లీ ఇదే పని.

మంచి కణుపు దొరికాక దాన్ని దాటి, కొన వైపు అర అంగుళం వదిలి కొయ్యాలి. "కణుపుకు పైన కొయ్యండి" అని రాస్తారు చూశారా, అది నిలబడి పెరిగే మొక్కకు రాసిన మాట. వేలాడే కుండీలో కొన కింద ఉంటుంది! నేను మొదటిసారి ఆ మాట నమ్మి కణుపుకు పైనే కోశాను. పది నిమిషాలు వెతికి పట్టుకున్న మంచి కణుపు కాస్తా పచ్చ ముక్కతో పాటు పేపరు మీద పడింది. కుండీలో మిగిలింది పచ్చ కణుపు. ఆ ముక్కను చెత్తబుట్టలో వేశాక గానీ నాకు వెలగలేదు. అప్పటి నుంచి బ్లేడు తీసే ముందు మంచి కణుపుకు దారం కట్టుకుంటాను. మీరూ కట్టుకోండి.

మట్టి దాకా వచ్చినా తెల్ల గీత లేకపోతే ఆ తీగ సంగతి మరిచిపోండి. కొత్తది కొనేటప్పుడు ఆకులు చూసి మురిసిపోకుండా తీగలు చూసి కొనండి. కడియం వెళ్లినా, మీ వీధి చివరి నర్సరీకి వెళ్లినా సరే.

కోశాక

నీళ్లు తగ్గించండి. ఆకులు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గారు. పైమట్టి రెండు అంగుళాలు ఆరాకే పొయ్యాలి. తూర్పు కిటికీ మంచిది. చెయ్యి అడ్డం పెడితే నీడ స్పష్టంగా పడేంత వెలుతురు కావాలి కానీ మధ్యాహ్నపు ఎండ వద్దు, తెల్ల భాగం మాడిపోతుంది. యూరియా ముట్టుకోవద్దు. రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. కుండీ మట్టిదే వాడాలి, ప్లాస్టిక్ కుండీ నేను ఇంట్లోకే రానివ్వను. వానాకాలమైతే రెండు మూడు వారాల్లో మొగ్గ ఉబ్బుతుంది. మొదటి ఆకు చూసి తీర్పు చెప్పెయ్యకండి, మూడో ఆకు దాకా ఆగండి.

ఇదే బుద్ధి స్నేక్ ప్లాంటుకూ ఉంది. పసుపు అంచున్న ఆకును ముక్కలు చేసి నాటితే వచ్చే పిల్లలకు ఆ అంచు రాదు, పచ్చగానే పుడతాయి. దాన్ని దుంపతో విడదీసే నాటాలి. పసుపు ఆకుల దురంటా కంచెలో ఆకుపచ్చ కొమ్మ కనపడితే మొదలంటా కొయ్యాలి.

మనీ ప్లాంట్ దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందని మనవాళ్ల నమ్మకం. సగం ఇళ్లలో పచ్చ మనీ ప్లాంటే ఉండటానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. గోడ దాటి వీధిలోకి వేలాడేది ఎప్పుడూ బలమైన పచ్చ తీగే, దొంగ చేతికి అందేదీ అదే.

పిన్ని కుండీలో అడుగున ఒకే ఒక్క మంచి కణుపు దొరికింది. దాని పైనంతా కోయించాను. కోసినవి పారేయడానికి ఆవిడకు మనసొప్పలేదు, ఇంకో కుండీలో గుచ్చి కాంపౌండ్ గోడ మీద పెట్టింది. నిన్న ఫోన్ చేసింది. అందులో రెండు కొనలు ఎవరో తుంచుకుపోయారట.