స్వచ్ఛంద సంస్థ బ్లాగుకు టూల్ ఎంచుకునే ముందు జాగ్రత్తలు
డొమైన్ (బ్లాగు వెబ్ చిరునామా) సంస్థ పేరు మీదే, సంస్థ ఈమెయిల్‌తోనే కొనండి. వాలంటీర్ సొంత ఈమెయిల్‌తో కొంటే, ఆయన మానేశాక ప్రతి ఓటీపీకీ వెంటపడాలి.

అసలు చూడాల్సింది ఎవరికి ఎంత అధికారం ఇస్తున్నామన్నది. గూగుల్ వారి బ్లాగింగ్ టూల్ బ్లాగర్‌లో రచయితగా చేర్చినవారు నేరుగా ప్రచురించేయగలరు. వర్డ్‌ప్రెస్ అనే మరో టూల్‌లో కంట్రిబ్యూటర్‌గా చేరిస్తే రాయగలరు, ప్రచురించలేరు. ఎడిటర్ చూశాకే బయటికొస్తుంది. పిల్లల ఫొటోలు, సాయం పొందినవారి వివరాలు చేతిలో ఉండే సంస్థకు ఇదే మేలని నా అభిప్రాయం. అయితే మామూలుగా కంట్రిబ్యూటర్లు ఫొటోలు ఎక్కించలేరు, ఎడిటర్‌కు విడిగా పంపాలి.

ఒకే పాస్‌వర్డ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరి లాగిన్ వారిదే. అడ్మిన్లు ఇద్దరుండాలి.

ఎంచుకునే టూల్‌లో ఫోన్ నుంచి తెలుగు టైప్ చేసి చూడండి.

రాసినవన్నీ ఎక్స్‌పోర్ట్ చేసుకునే (ఫైలుగా బయటికి తీసుకునే) వీలుందా? లేకపోతే ఆ టూల్ వద్దు.