పాత కమ్యూనిస్టు దేశాల ప్రశ్న వస్తే ఇట్లా మొదలుపెట్టండి

వరంగల్ కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ దగ్గర టీ తాగుతూ పీజీ పిల్లలకు, గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. కమ్యూనిజం పోయాక కొన్ని దేశాలు ప్రజాస్వామ్యం వైపు, కొన్ని నియంతృత్వం వైపు ఎందుకు పోయాయి అని అడగ్గానే, చాలామంది సోవియట్ చివరి నేత గోర్బచెవ్, ఆయన పెరిస్త్రోయికా సంస్కరణలు, బెర్లిన్ గోడ అంటూ మూడు పేజీలు నింపేస్తారు. అడిగిన ప్రశ్న మాత్రం ముట్టుకోరు.

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు పేర్లు రాయండి: పోలండ్, బెలారస్, హంగరీ, మంగోలియా. నాలుగు చాలు, బట్టీ కొట్టే పని లేదు. పక్కన "ఎన్నికలు జరుగుతాయా" అని మాత్రం రాయకండి. సోవియట్ యూనియన్‌లోనూ జరిగేవి, సీటుకు ఒక్కడే అభ్యర్థి, పోలింగ్ 99 శాతం. మన దగ్గర కొన్ని ఊళ్లలో సర్పంచ్ పదవిని గుడి దగ్గర వేలం పెట్టి, ఎక్కువ పాడినాయన తప్ప ఇంకెవ్వరూ నామినేషన్ వేయకుండా చూసి ఏకగ్రీవం అనిపిస్తారు చూడండి, కాగితాల మీద అంతా రూల్ ప్రకారమే ఉంటుంది. అది చూసినవాళ్లకు ఈ ముక్క విడిగా చెప్పక్కర్లేదు.

రాయాల్సిందల్లా, కుర్చీలో ఉన్నవాడు ఎప్పుడైనా ఓడి ఇంటికి పోయాడా, పోయినవాడు మళ్లీ పోటీ చేసి రాగలిగాడా అని. పోలండ్‌లో 1989లో కార్మిక సంఘంగా మొదలైన సాలిడారిటీ గెలిచింది, 1993లో పాత కమ్యూనిస్టుల వారసులే ఓట్లతో తిరిగొచ్చారు, 1997లో ఓడి దిగిపోయారు. బెలారస్‌లో లుకషెంకో 1994 అధ్యక్ష ఎన్నికల్లో అప్పటి ప్రధానినే ఓడించి సుమారు 80 శాతం ఓట్లతో నిజంగానే గెలిచాడు. 1996 రెఫరెండంతో (ప్రజాభిప్రాయ సేకరణతో) అధికారాలు పెంచుకున్నాడు, 2004లో ఇంకో రెఫరెండంతో ఎన్నిసార్లైనా పోటీ చేసే వీలు తెచ్చుకున్నాడు. 2020లో అధికారిక ఫలితం మళ్లీ 80 శాతమే, కానీ ఈసారి ఆ ఫలితం దొంగదంటూ లక్షల మంది రోడ్ల మీదికొచ్చారు. అంకె ఒక్కటే, అర్థం వేరు.

ఎక్కువమంది తప్పు చేసేది హంగరీ దగ్గర. మొన్న ఒక తమ్ముడు దాని పక్కన "ప్రజాస్వామ్యం" అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాడు. "ఓట్లు పడుతున్నయి కద సార్, రిగ్గింగ్ కూడా లేదు" అన్నాడు. నిజమే, డబ్బాలు ఎత్తుకుపోవడం లాంటివేం లేవు, ప్రధాని ఓర్బాన్ హయాంలో అక్కడ పని పోలింగ్‌కు చాలా ముందే అయిపోయింది. 2010లో ఆయన కూటమికి మూడింట రెండొంతుల సీట్లొచ్చాయి, కొత్త రాజ్యాంగం రాసుకున్నాడు, జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి ఒక్కసారిగా 62కు దించి వందల మందిని ఇంటికి పంపే ఏర్పాటు చేశాడు. ఎన్నికల చట్టం కూడా మార్చాక 2014లో సుమారు 45 శాతం ఓట్లకే 199లో 133 సీట్లు వచ్చాయి. 2018లో 400కు పైగా మీడియా సంస్థలు ప్రభుత్వ అనుకూల ఫౌండేషన్ ఒక్కదాని కిందికి చేరాయి. అందుకే తీర్పు రాసేటప్పుడు పక్కన ఏడాది వేయండి. 2004 హంగరీ వేరు, 2018 హంగరీ వేరు.

ఇక "ఎందుకు" సంగతి. "వాళ్ల రక్తంలోనే రాజరికం ఉంది" లాంటి వాక్యం కనబడితే కొట్టేయండి, మంగోలియా ఉంది కదా, అటు రష్యా ఇటు చైనా మధ్యలో, 1992లో కొత్త రాజ్యాంగం, 1996లో పాత పార్టీ ఓడి దిగిపోయింది, 2000లో ఓట్లతోనే తిరిగొచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో చేరాలన్న ఆశ పనిచేసిందని రాయొచ్చు, 2004 మేలో ఎనిమిది పాత కమ్యూనిస్టు దేశాలు చేరాయి, కానీ హంగరీ కూడా అందులోదే. చేర్చుకోరేమో అని లోపలికొచ్చేదాకా ఉన్న భయం వచ్చాక ఉండదు, ఇది నా అభిప్రాయం.

రష్యాకు ఒక పేరా విడిగా పెట్టండి. 1992 జనవరిలో ధరల మీద కంట్రోల్ ఎత్తేశారు, జీవితాంతం దాచుకున్న డబ్బు నెలల్లో చిత్తుకాగితమైంది, ఫ్యాక్టరీలు నలుగురైదుగురి చేతుల్లోకి పోయాయి. ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డప్పుడు వరంగల్‌లో ఇళ్లు ఎట్లా అయ్యాయో పెద్దవాళ్లనడగండి, దేశమంతా అట్లా అయితే, అదీ ప్రజాస్వామ్యం అని పేరు పెట్టుకొని వస్తే, 2000లో పుతిన్ క్రమశిక్షణ అంటే జనం ఎందుకు విన్నారో తెలుస్తుంది. సోవియట్ వాళ్లు తెలుగులో తెచ్చిన సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితంతో పుస్తకాలకు అట్టలేసుకున్న మా తరానికి ఈ పేరా రాయడం కొంచెం కష్టమే, మీకు ఆ ఇబ్బంది లేదు, పది నిమిషాల్లో అయిపోవాలి.