బరంపురం తిరిగి వచ్చాక: పాత ఊళ్లో మళ్లీ కుదురుకోవడం ఎలా

పద్నాలుగేళ్లు హైదరాబాదులో కాపురముండి ఒడిశాలోని బరంపురం తిరిగి వచ్చిన మొదటి వారంలో, బడాబజారులో కూరలమ్మే ముసలామె నా ముఖం గుర్తుపట్టి, “కెబె ఆసిల, బాబు?” అని ఒడియాలో ఆప్యాయంగా పలకరించింది. ఎప్పుడొచ్చావన్న ఆ చిన్న ప్రశ్నకు నా నోటి నుంచి హిందీలో జవాబు వచ్చింది. ఆమె ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి తానూ హిందీలోకి దిగింది. అంతవరకూ తీరుబడిగా ఏరి వేస్తున్న బీరకాయలను గబగబా తూచి సంచిలో పడేసింది.

కొత్త ఊళ్లో మనకేమీ తెలియదని ఒప్పుకుని ప్రతిదీ అడుగుతాం. పాత ఊళ్లో అన్నీ తెలుసుననే ధీమాతో అడగడం మానేస్తాం, మనకు తెలిసినదంతా పద్నాలుగేళ్ల కిందటిదని ఆలస్యంగా గ్రహిస్తాం. అందువల్ల మొదటి రెండు మూడు నెలలు, సొంత ఇంట్లోనే ఉన్నా, అద్దెకు దిగిన కొత్తవారిలాగా మెలగడం మేలు. స్టేషన్ నుంచి గిరిరోడ్డుకు ఆటో ఎంత తీసుకుంటుందో, చెత్తబండి ఏ వేళకు వస్తుందో, చిన్న చిన్న మరమ్మతులకు ఎవరిని పిలవాలో పక్కింటివారిని అడగాలి. అడగడంలో చిన్నతనమేమీ లేదు. ఆ వంకనే వారితో మాటలు కలుస్తాయి.

భాషను ముందుగా సరిచేసుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడినా, ఎన్నో వీధుల్లో ఇంటి మాట ఇప్పటికీ తెలుగే. అయితే బజారు, ఆఫీసు, బడి ఒడియాలో నడుస్తాయి. తెలుగుతోనూ హిందీతోనూ నెట్టుకు రావచ్చు గాని, అలా నెట్టుకొచ్చేవారిని ఊరు చుట్టపుచూపుగా వచ్చినవారి కిందే లెక్కిస్తుంది. తప్పులు దొర్లినా ఒడియాలోనే మొదలుపెట్టాలి. హైదరాబాదులో పుట్టిన పిల్లలకు నేను పుస్తకం కొనలేదు. బడికి వెళ్లే దారిలో రోజుకు రెండు దుకాణాల బోర్డులు చదివించాను, వారు నాకన్నా త్వరగా పట్టుకున్నారు.

కాగితాల పనిలో అన్నిటికన్నా ముందు చూసుకోవలసినది పేరు. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, ఒడిశాలో దానిని చివర రాయడం వాడుక. నా బరంపురం మెట్రిక్ సర్టిఫికెట్టులో ఇంటిపేరు చివర ఉంది, హైదరాబాదులో తీసుకున్న పాన్ కార్డులో ముందుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. దానికి తోడు ఒడియాలో ‘వ’ తరచూ ‘బ’గానో ‘భ’గానో మారుతుంది కనుక, వెంకట అనే పేరు భెంకట అయి కూర్చుంటుంది. ఒక కార్యాలయంలో గుమాస్తా నా కాగితాలన్నీ పరచి, ఈ ముగ్గురూ ఒక్కరేనా అని అడిగినప్పుడు నవ్వు వచ్చింది గాని, అదే పనికి మూడోసారి తిరిగినప్పుడు రాలేదు. కాబట్టి ఆధార్‌లో ఉన్న రూపాన్నే ఖాయం చేసుకుని, ముందు దానిలో చిరునామా మార్పించి, ఆ తరవాతే బ్యాంకు, మిగిలినవి చూడాలి. వేర్వేరు రూపాల్లో ఉన్న పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ చేత అఫిడవిట్ చేయించి దగ్గర ఉంచుకుంటే చాలా తిరుగుళ్లు తప్పుతాయి. ఇల్లు ఇంకా నాన్నగారి పేరనే ఉంటే తహసీలులో మ్యుటేషన్‌కు (భూమి రికార్డులో పేరు మార్పుకు), కార్పొరేషన్‌లో హోల్డింగ్ టాక్స్ (ఇంటి పన్ను) పేరు మార్పుకు వెంటనే దరఖాస్తు పెట్టాలి. అన్నదమ్ములు ఉన్నవారైతే అంతకన్నా ముందు వారితో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఓటు మార్పుకు ఫారం 8 చాలు. గ్యాసుకు పాత ఊళ్లోనే సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ వోచరుతో రావాలి. బండి విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. పాత రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం బయలుదేరక ముందే తీసుకోవాలి, పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచేటట్లయితే ఫారం 27 మీద కొత్త నంబరు వేయించుకోవాలి. ఇక్కడి ఓడీ 07 నంబరు పడేసరికి ఇక్కడి పన్ను కట్టవలసి ఉంటుంది కనుక, అక్కడ ముందే కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగడం మరవకూడదు.

హైదరాబాదు పొడి గాలికి అలవాటుపడిన ఒంటికీ సామానుకూ ఈ సముద్రపు గాలి మొదటి పరీక్ష. గోపాలపురం తీరం ఎంతో దూరం లేదు. ఇనుప బీరువా తుప్పు పడుతుంది, డబ్బా మూత సరిగా పెట్టకపోతే అప్పడాలు మెత్తబడతాయి, వానాకాలంలో పుస్తకాలకు బూజు పడుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఆ తీరం దగ్గరే ఒడ్డు దాటింది. అప్పుడు ఊళ్లో లేనివారు ఆ రాత్రి గురించి పక్కవారు చెప్పేది ఓపికగా వినాలి; ఏ కిటికీకి గడియ బలహీనమో, ఏ చెట్టు ఎవరి గోడ మీదికి వాలుతుందో వారే చెబుతారు. దసరాలోపు అసలు కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టడం, టార్చి సిద్ధంగా ఉంచడం మా ఇంట్లో ఇప్పుడు ఆనవాయితీ.

మనుషుల సంగతికి వస్తే, పొద్దున్నే బండి దగ్గర ఇడ్లీ, బరా (గారె), ఘుగుని (బఠాణీల కూర) తింటూ నిలబడే పావుగంట, పది ఇళ్లకు వెళ్లి కాఫీ తాగడం కన్నా ఎక్కువ పని చేస్తుంది. “అక్కడైతే మెట్రో ఉంది” అనే మాట ఒకసారి అంటే ముచ్చటగా వింటారు, మూడోసారికి ముఖం తిప్పుకుంటారు. “ఏం, ఉద్యోగం పోయిందా?” అని అడిగే పెద్దమామయ్యకు మాత్రం ఒక్క వాక్యపు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి, లేకపోతే ఆయనే ఒకటి తయారుచేసి ఊరంతా పంచుతారు.

రెండేళ్లకొకసారి చైత్రంలో వచ్చే బుఢీ ఠాకురాణి యాత్రకు, అమ్మవారిని దేశీబెహెరా వీధిలోని పుట్టింటికి ఆడపడుచులా తీసుకువస్తారు. ఇన్నేళ్లూ మనమూ ఆ రోజులకు చుట్టాల్లా దిగి, ఎవరింట్లోనో తిని వెళ్లినవాళ్లమే. ఈసారి దిగేవారు మన ఇంటికే వస్తారు కనుక, నెల ముందే పరుపులు ఎండబెట్టి, రెండో సిలిండరు తెప్పించి ఉంచుకోవాలి.